పాల లెక్క

పొద్దున పప్పుచారు తనే చేస్తానంది అమ్మ. నేను పక్కనే కొత్తిమీర ఒలుస్తున్నాను. నూనె కాగింది. పోపుల డబ్బా మూత తీసి అమ్మ అలాగే నిలబడిపోయింది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయలు అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. చెయ్యి మాత్రం డబ్బా మీద ఆగిపోయింది. నూనె పొగలు వస్తుంటే నేనే లేచి స్టవ్ కట్టేశాను. "ముందు ఏం వెయ్యాలి తల్లీ?" అంది. గొంతులో భయం తెలిసింది. యాభై ఏళ్ళుగా పోపు పెట్టిన చెయ్యి అది.

మధ్యాహ్నం అమ్మ నిద్రపోయాక గోడ మీది క్యాలెండర్ తిప్పి చూశాను. పాల ప్యాకెట్ల లెక్క ఎప్పుడూ అమ్మదే. జనవరి అంతా ముత్యాల్లాంటి అంకెలు. ఈ నెలలో 9వ తేదీ గడిలో మూడుసార్లు రాసింది. 14 నుంచి 18 వరకు ఖాళీ. పాలబ్బాయి రెండుసార్లు డబ్బు తీసుకున్నాడని మొన్న గొడవపడింది. అమ్మ మాట నమ్మి నేనూ ఆ అబ్బాయిని కోప్పడ్డాను. రేపు అతనికి క్షమాపణ చెప్పుకోవాలి.

కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నేనూ మర్చిపోతాను, కాసేపటికి గుర్తొస్తుంది. అమ్మది అలా లేదు. చెప్పిన సంగతే పది నిమిషాల్లో మళ్ళీ కొత్తగా అడుగుతోంది. చేతికి అలవాటైన పని వరస తప్పుతోంది. "వయసు కదా" అనుకుంటూ ఆరు నెలలు గడిపేశాం. అందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

సాయంత్రం నర్సుగా చేసే పిన్నికి ఫోన్ చేశాను. డిమెన్షియా, అంటే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు, అని అప్పుడే ఖాయం చేసుకోవద్దంది. బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా, కొన్ని నిద్రమాత్రల వల్లా మతిమరుపు రావచ్చట, అలాంటివైతే చాలావరకు సరిచేయొచ్చట. ముందు రక్తపరీక్షలు, తర్వాత న్యూరాలజిస్టు, అంటే మెదడు, నరాల డాక్టరు. ఆలోచన ఎలా ఉందో చూడటానికి అమ్మని గడియారం బొమ్మ గీసి పదకొండూ పది నిమిషాలు చూపించమంటారట. "డాక్టరు ముందు అక్క చక్కగా మాట్లాడేస్తుంది. జరిగినవన్నీ తేదీలతో రాసుకెళ్ళు. కళ్ళజోడు మర్చిపోకు" అంది.

రాత్రి రాస్తూ కూర్చుంటే అమ్మ వచ్చింది. "ఏం రాస్తున్నావే?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "నీ సంగతులే అమ్మా. గురువారం డాక్టరుకి చూపిద్దాం."

పక్కన కూర్చుని కాగితం వైపు చాలాసేపు చూసింది. "నాకూ తెలుస్తూనే ఉంది. మీరు కంగారు పడతారని చెప్పలేదు" అంది. కాసేపాగి, "పోపు సంగతి కూడా రాయి" అంది.