మేడ మీద అడవి మొక్కలు: గింజ ఏరిన దగ్గర నుంచి ఈ మే ఎండల దాకా

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేడ మీద చెట్ల మొక్కలు పెంచుతున్నాను. పూల మొక్కలు కాదు. కానుగ, రేల, నేరేడు, తెల్లమద్ది, వేప, ఇప్ప. పోయిన ఏడాది ఫిబ్రవరి నుంచి ఈ మే దాకా జరిగిన పనిని నోటుబుక్కులోంచి తీసి రాస్తున్నాను. ఎవరైనా ఇలాగే మొదలుపెట్టాలనుకుంటే వివరాలే పనికొస్తాయి కాబట్టి అవి ఎక్కువగానే ఉంటాయి.

ఈ చెట్లే ఎందుకంటే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా పోయింది. ఆ తర్వాత వీధుల్లో నీడ కోసం చాలామంది తురాయి మొక్కలు తెచ్చి పెట్టారు. పూసినప్పుడు బాగుంటుంది, కాదనను. కానీ అది మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు. వేర్లు పైపైనే పరుచుకుంటాయి, గట్టి గాలికి నిలబడదు. మా దగ్గరి మహేంద్రగిరి కొండ చుట్టుపక్కల తనంతట తాను పెరిగే చెట్టయితే ఇక్కడి మట్టి, వాన, ఎండ దానికి కొత్త కావు. పిట్టలకి తిండీ దొరుకుతుంది.

ఫిబ్రవరి, మార్చి

ముందు తల్లిచెట్టును చూసుకోవాలి. వంకర లేకుండా, తెగులు లేకుండా, బాగా కాసే చెట్టు. ఒకే చెట్టు గింజలతో అన్ని సంచులూ నింపకుండా నాలుగైదు చెట్ల నుంచి కలిపి తీసుకుంటాను. మహేంద్రతనయ నది ఒడ్డున తెల్లమద్ది కాయలు రాలి ఉంటాయి, ఏరుకోవడమే. రేల కాయలు, కానుగ కాయలు రోడ్డు పక్క చెట్ల కిందే దొరుకుతాయి. కొండ మీద నుంచి సంతకి వచ్చే సవర ఆడవాళ్ళని అడిగితే ఏ చెట్టు ఏ వైపు ఎక్కువో చెప్తారు. మా ఊళ్ళో రేల అంటే తెలియనివాళ్ళు కూడా దాని ఒడియా పేరు సునారి అంటే వెంటనే చూపిస్తారు.

రేల గింజ దగ్గర ఓపిక కావాలి. పైతొక్క చాలా గట్టి, నీళ్ళు లోపలికి పోవు. అలాగే మట్టిలో వేస్తే నెలల తరబడి పడుంటుంది. గింజను ఉప్పుకాగితం మీద ఒక అంచున మాత్రమే, లోపలి తెలుపు కొంచెం కనబడేదాకా రుద్దాలి. మొలక వచ్చే మొన జోలికి పోకూడదు. తర్వాత రాత్రంతా నీళ్ళలో ఉంచితే పొద్దుటికి ఉబ్బుతుంది. ఉబ్బనివాటిని ఏరి మళ్ళీ రుద్దుతాను. గింజలు ఎక్కువైతే ఒక్కోటీ రుద్దడం కుదరదు. అప్పుడు నీళ్ళు మరిగించి, పొయ్యి మీంచి దించి, గింజలు అందులో వేసి మర్నాటిదాకా వదిలేస్తాను. రుద్దినవే బాగా మొలిచాయి. వేడినీళ్ళ పద్ధతిలో సగానికి కాస్త అటూఇటూ వచ్చాయి.

తెల్లమద్ది కాయల్ని మూడు నాలుగు రోజులు నానబెట్టాలి, రోజూ నీళ్ళు మార్చాలి. కానుగకి ఏ తంటా లేదు. ఒక రాత్రి నానబెట్టి వేస్తే చాలు.

సంచులు, మట్టి

నర్సరీ సంచులు కొనలేదు. మా వీధిలో నాలుగిళ్ళ నుంచి, ఒక టీ కొట్టు నుంచి పాల ప్యాకెట్లు కడిగి ఇమ్మన్నాను. ఒకసారి వాడిన ప్లాస్టిక్కే ఇంకో ఏడాది పని చేస్తుంది. అర లీటరు ప్యాకెట్టు వేపకి, కానుగకి మొదటి రెండు నెలలు సరిపోతుంది. ఇప్పకి, నేరేడుకి లీటరుది కావాలి, ఎందుకంటే తల్లివేరు త్వరగా దిగుతుంది, లోతు లేకపోతే అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. అలా చుట్టుకున్న మొక్క నేలలో పెట్టాక కూడా సరిగ్గా నిలబడదు. అడుగున, పక్కల చిన్న చిల్లులు పెట్టాలి. మొక్క నేలలోకి పోయేటప్పుడు ప్యాకెట్టు కోసి తీసి, కడిగి, తుక్కు కొనేవాడికి ఇస్తాను. గుంటలో ఒక్క ముక్క కూడా వదలను.

మట్టి కొలత: ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల గెత్తం (పేడ ఎరువు) ఒక పాలు. గెత్తం పచ్చిగా ఉంటే వేరు మాడిపోతుంది. ఇసుక కోసం నది దాకా పోలేదు. ఇల్లు కట్టేచోట మిగిలిన కుప్పలోంచి అడిగి తెచ్చుకున్నాను. నదిని కాపాడదామని మొక్కలు పెంచుతూ నదిలోంచే ఇసుక తవ్వుకురావడం నాకు మనసొప్పలేదు.

జూన్, జులై

ఈ రెండు నెలలూ తొందర పడాల్సిన కాలం. నేరేడు, వేప, ఇప్ప గింజలు దాచుకునేవి కావు. నేరేడు గింజ ఆరిపోయిందా, అంతే. పండు తిన్న రోజో మర్నాడో కడిగి మట్టిలో పెట్టేయాలి. వేప పండు పసుపుపచ్చగా మారాక గుజ్జు పిసికి కడిగి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టి వేస్తాను. మా మరదలు నేరేడు పళ్ళ బుట్ట తెస్తే ఇంట్లో పిల్లలందరికీ ఒక్కటే మాట, గింజ బయట పారేయొద్దు, గిన్నెలో వేయండి అని. నేరేడులో ఒక్క గింజ నుంచి రెండు మూడు మొలకలు రావడం మామూలే. రెండాకులు విప్పాక బలమైనది ఉంచి మిగతావి మెల్లగా వేరుచేసి వేరే సంచుల్లో పెట్టుకోవచ్చు.

ఇప్ప గింజలు సంతలో నూనె కోసం అమ్ముతారు గానీ అవి ఎండినవి, మొలవవు. చెట్టు కింద రాలిన పండులోంచి తీసినవే కావాలి.

ఎవరికి ఇస్తున్నానంటే

మార్చిలో వేసిన కానుగ మొక్కలు జులై చివరికి మోకాలెత్తు అయ్యాయి. ఈ విషయంలో నాది గట్టి పట్టుదల. వనమహోత్సవం 1950లో కె.ఎం.మున్షీ మొదలుపెట్టినప్పటి నుంచి ఏటా జులైలో దేశమంతా మొక్కలు నాటుతూనే ఉన్నాం. నాటడం జులై పని. బతికించడం మే పని. మే నెలలో నీళ్ళు పోసేదెవరో తెలియకుండా నేను మొక్క ఇవ్వను. తీసుకునేవాళ్ళు నోటుబుక్కులో పేరు, మొక్క పెట్టే చోటు, వేసవిలో నీళ్ళు పోసే మనిషి పేరు రాయాలి. కమిటీ పేరో, బడి పేరో రాస్తానంటే ఒప్పుకోను. మనిషి పేరే కావాలి.

"చచ్చిపోతే ఇంకోటిస్తావా బాబాయ్?" అని పక్కవీధి కుర్రాడు అడిగాడు. "ఇస్తాన్రా. ఎందుకు చచ్చిపోయిందో రాసి తీసుకెళ్ళు," అన్నాను. మేక తినేసింది అని రాశాడు. రెండోసారి వెదురు తడక కట్టి, చుట్టూ రేగు కంప వేశాడు. ఆ మొక్క ఇప్పుడు వాడి నడుం దాటింది.

అడవుల్ని, చెరువుల్ని, నదుల్ని, వన్యప్రాణుల్ని కాపాడటం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణంలో ఉంది. 1976లో 42వ సవరణతో చేర్చారు. చేయకపోతే శిక్ష అని అందులో ఎక్కడా రాయలేదు. అందుకే ఆ మాటను నేను చాలా పెద్దదిగా తీసుకుంటాను. ఎవరూ అడగరు కాబట్టి నన్ను నేనే అడుక్కోవాలి. ప్రభుత్వం చేయాల్సినవి ప్రభుత్వమే చేయాలి, అది నిలదీసి అడగాలి కూడా. కానీ మా గుమ్మం ముందు చెట్టుకి మే నెలలో బిందెడు నీళ్ళు పోయడానికి ఏ ఆఫీసూ రాదు.

వేసవి నీళ్ళు

గుంట అడుగున్నర లోతు, అంతే వెడల్పు. వానలకు మూడు నాలుగు వారాల ముందే తవ్వి ఎండనివ్వాలి. పూడ్చేటప్పుడు గెత్తంతో పాటు రెండు గుప్పిళ్ళ వేపపిండి కలిపితే చెదల బాధ తగ్గుతుంది.

ఎండాకాలానికి నాకు బాగా నచ్చిన పద్ధతి మట్టికుండ. కుమ్మరి దగ్గర ఐదారు లీటర్ల కుండ, లోపల మెరుపు పూత లేనిది తీసుకుని, మొక్కకి జానెడు దూరంలో మూతి దాకా పాతేస్తాను. కుండ గోడల్లోంచి నీళ్ళు మెల్లగా ఊరి వేరు దగ్గరికి చేరతాయి. మా నేలలో నాలుగైదు రోజులకోసారి నింపితే సరిపోతోంది. పైనుంచి పోస్తే సగం ఎండకే పోయేది. మూతి మీద పెంకు తప్పనిసరిగా పెట్టాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. పాదులో ఎండుటాకులు నాలుగు వేళ్ళ మందాన పరిచి, కాండానికి మాత్రం తగలకుండా చూసుకోవాలి.

కుండ పెట్టిన మొక్కలు దాదాపు అన్నీ పచ్చగానే ఉన్నాయి. కుండ లేనివాటిలో కానుగ తట్టుకుంది, తెల్లమద్ది ఆకులు రాల్చింది. మద్దికి నీటి ఒడ్డే చోటు. వచ్చే వానలకి మద్ది మొక్కలన్నీ నది వైపు వాళ్ళకే ఇవ్వాలనుకుంటున్నాను.

ఇప్పుడు చేస్తున్నది

సంచుల్లో ఉన్న రేల, నేరేడు మొక్కల్ని మెల్లగా ఎండకి అలవాటు చేస్తున్నాను. నీడవల వారానికి కొంచెం కొంచెంగా తీసేస్తూ, నీళ్ళు రోజు విడిచి రోజు పోస్తున్నాను. పాతపట్నం, టెక్కలి వైపు ఉన్నవాళ్ళు కానుగ కాయలు ఇంకా చెట్ల కింద ఉండగానే ఏరుకోండి. పురుగు చిల్లు లేనివి చూసుకుని ఈ వారంలోనే వేస్తే, వానలు ముదిరేసరికి నాటడానికి సిద్ధమవుతాయి. పాల ప్యాకెట్లు ఈ రోజు నుంచే కడిగి ఆరేసుకోండి.