ఆ రాత్రి నేల మీద

పాపకి ఇప్పుడు పదకొండో నెల. ఇది రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను కానీ, ఆ రాత్రి గుర్తొస్తే చేతులు వణికేవి. ఇప్పుడు వణకడం లేదు.

నాది నార్మల్ డెలివరీ. కుట్లు మానాయి, పాప బరువు పెరుగుతోంది. ఆరో వారం చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ బీపీ చూసి, రిపోర్టులు తిరగేసి, "అంతా బాగుంది" అంది. నేనే మొహమాటపడుతూ, "పొట్ట తగ్గలేదు మేడమ్, ఇంకా ఐదో నెల లాగే ఉంది" అన్నాను. ఆవిడ ఫైలు మీంచి తల ఎత్తకుండానే, "రోజూ క్రంచెస్ చెయ్యమ్మా, అదే తగ్గుతుంది" అంది. నా పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు. తుమ్మినా దగ్గినా మూత్రం పడిపోతోందని కూడా చెప్పాలనుకున్నాను. నోరు తెరిచేలోపు తర్వాతి పేషెంటుని పిలిచేశారు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను. జిమ్‌కి కట్టే స్తోమత లేదు, పాపని వదిలి వెళ్లే వీలూ లేదు. దాచుకున్నదంతా డెలివరీకే అయిపోయింది, నా జీతం ఆగిపోయింది. ఫోన్లో ఒక పావుగంట వీడియో దొరికింది. పాప పడుకోగానే అదే వీడియో, వెల్లకిలా పడుకుని తలా భుజాలూ పైకెత్తే అవే క్రంచెస్. మొదట ఇరవై, తర్వాత యాభై, ఆఖరికి వంద. తగ్గాల్సింది పొట్ట కాబట్టి పొట్టకే చేశాను, కాళ్లూ వీపూ ఉన్నాయన్న ధ్యాసే లేదు. లేచేటప్పుడు బొడ్డు పైన నిలువుగా ఒక గట్టు ఉబికేది. అది కండ పడుతోందనుకుని సంతోషపడ్డాను. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

నడుము నొప్పి మొదలైంది. "మేం కనలేదా పిల్లల్ని? అందరికీ ఉండేదే" అంది అత్తయ్య. మా ఆయన "కాస్త రెస్ట్ తీసుకో" అనేవారు. పాప ఏడిస్తే లేవాల్సింది మళ్లీ నేనే.

పాపకి మూడు నెలలు నిండి వారమైంది. మా ఆయనకి నైట్ డ్యూటీ, అత్తయ్య ఊళ్లో లేదు. రాత్రి రెండు దాటింది. కింద పరుపు మీద పాప ఏడుపు మొదలుపెట్టింది. నిద్రమత్తులో వంగి, పక్కకి తిరిగి ఎత్తుకోబోయాను. నడుములో ఏదో తెగినట్టయింది. మోకాళ్ల మీద కూలబడ్డాను. కుడి కాలిలో తొడ నుంచి బొటనవేలి దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగింది, ఆ తర్వాత పాదం మొద్దుబారిపోయింది. ముందుకి వంగలేను, వెనక్కి వాలలేను. ఫోన్ అవతలి గదిలో చార్జింగ్‌లో ఉంది.

పాప నాకు రెండడుగుల దూరంలో ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఎర్రబడింది, పిడికిళ్లు బిగించి కాళ్లు తంతోంది. చెయ్యి చాపితే పరుపు మీది దుప్పటి కొస మాత్రం అందింది. దాన్నే పట్టుకుని కొంచెం కొంచెంగా నావైపు లాక్కున్నాను. ఒక్కో లాగుకి జానెడు కూడా కదల్లేదు, ప్రతిసారీ నడుములో కత్తి దిగినట్టుండేది. దగ్గరికొచ్చాక పక్కకి ఒరిగి, అలాగే నేల మీద పడుకుని పాలిచ్చాను. పాప తాగుతోంది, నేను ఏడుస్తున్నాను. ఆ రాత్రి దేవుణ్ని నేనడిగింది ఒక్కటే, ఈ బిడ్డని ఎత్తుకునే శక్తి నాకు మళ్లీ ఇవ్వమని. అది విన్నాడనే నమ్ముతున్నాను, ఎవరేమనుకున్నా సరే.

పాప పడుకున్నాక మోచేతుల మీద పాక్కుంటూ వెళ్లి మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన వచ్చేసరికి దాదాపు గంట పట్టింది.

ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు మొదట అడిగినవి రెండే. మూత్రం వస్తోందా, రెండు తొడల మధ్య స్పర్శ తెలుస్తోందా అని. అప్పుడు సిగ్గుపడ్డాను. నడుము దగ్గర నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోతే ముందు పోయేవి అవేనట, అప్పుడు గంటల్లో ఆపరేషన్ చెయ్యకపోతే కాళ్లు, మూత్రం శాశ్వతంగా దెబ్బతినొచ్చట. నాకు ఆ గండం తప్పింది. ఎమ్మారైలో నాలుగో నడుము పూసకీ ఐదోదానికీ మధ్య డిస్కు ఉబ్బిందని తేలింది. ఇలాంటివి చాలా వరకు కొన్ని వారాల్లో ఆపరేషన్ లేకుండానే సర్దుకుంటాయన్నారు. మందులిచ్చి, ఫిజియోథెరపీకి పంపారు.

ఆ ఫిజియోథెరపిస్టు పెద్దావిడ. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడవమంది. బొడ్డు దగ్గర వేళ్లు పెట్టి, "తల కొంచెం ఎత్తమ్మా" అంది. వేళ్లు లోపలికి దిగిపోయాయి. "మూడు వేళ్లు పడుతున్నాయి. ఎవరూ చూడలేదా?" అంది. ఎవరూ చూడలేదు. గర్భంలో బిడ్డ పెరిగే కొద్దీ పొట్ట ముందున్న రెండు నిలువు కండరాలూ విడిపోతాయి, మధ్యలో పట్టీ సాగుతుంది. దాన్ని డయాస్టాసిస్ రెక్టై అంటారు. నేను కండ అనుకున్న గట్టు ఆ సందులోంచి ఉబికి వచ్చిందే. కాన్పు తర్వాత ఎంతోమందికి ఉండేదే అయినా, చూడ్డానికి నిమిషం కూడా పట్టని పరీక్ష ఎవరూ చెయ్యలేదు.

మూత్రం సంగతి కూడా ఆవిడకే చెప్పాను. కటి కింది కండరాల్ని బిగించి వదిలే వ్యాయామం నేర్పింది. ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు ఇలాంటి కాన్పు తర్వాతి ఇబ్బంది కోసమే 1948లో దాని గురించి రాశాడట. అంత పాత సంగతి నాకు చెప్పడానికి ఒక్కరికీ తీరిక లేకపోయింది. నా కోపం ఇంకా పోలేదు, పోవాలని కూడా నేను అనుకోవడం లేదు.

"రోజూ ఒక్కచోటే కొడుతున్నావమ్మా. పని శరీరమంతా పంచుకోవాలి" అంది ఆవిడ. ఎమ్మారై ఫిల్ము పెట్టిన పెద్ద కవరు వెనకాల మా ఆయన వారం మొత్తం గళ్లు గీసి రాసి, ఫ్రిజ్ మీద అంటించారు. మొదటి నెల ఊపిరే. ఊపిరి వదులుతూ పొట్ట మెల్లగా లోపలికి లాక్కోవడం, పడుకుని ఒక్కో మడమ జార్చడం, ఇంట్లోనే నడవడం. అది వ్యాయామంలా అనిపించక ఏడుపొచ్చేది. తర్వాత ఒకరోజు కాళ్లు: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పడుకుని నడుము పైకెత్తడం. మర్నాడు చేతులు, వీపు: గోడకి పుషప్స్, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని లాగడం. లీటరు నీళ్లంటే కిలో బరువు కదా, ఇంకేం కొనాలి? ఆ మర్నాడు పాపని తీసుకుని నడక. ఇంకోరోజు చేతులూ మోకాళ్ల మీద ఉండి, ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం. విసుగేస్తే మెట్లు. ఏదీ వరసగా రెండు రోజులు రాకూడదని ఆయన పట్టుబట్టారు. ఆ గళ్లు చూస్తే ఆయన మీద కోపమంతా కరిగిపోయేది.

వారానికి 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, బాలింతలకి కూడా అదే లెక్క. నాకు ఒక్కసారి అరగంట ఎప్పుడూ దొరకలేదు. పది నిమిషాల చొప్పున రోజుకి రెండు మూడుసార్లు దొరికింది, అదే చేశాను. బాగా కోలుకున్నాక పాపే నా బరువు. పుట్టినప్పుడు 3 కిలోలు, ఐదో నెలకి 6 అయింది, ఇప్పుడు 9కి దగ్గర్లో ఉంది. నా బలంతో పాటే తనూ పెరిగింది.

అత్తయ్య గురించి కూడా చెప్పాలి. "అందరికీ ఉండేదే" అన్నది ఆవిడే. సంగతి తెలిసి మర్నాడే వచ్చి, రెండు నెలలు రాత్రిళ్లు పాప పక్కన పడుకుంది. ఒకరోజు చీకట్లో, "నాకూ తుమ్మితే ఆగదే అమ్మాయ్, ముప్పై ఏళ్లుగా" అంది. ఇప్పుడు ఇద్దరం కలిసి బిగించి వదులుతాం.

కాన్పైన వాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్కమాట. పొట్ట మధ్యలో గట్టు లేస్తుంటే ఆ వ్యాయామం ఆపి చూపించుకోండి. కాళ్లు బలహీనమైనా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు.

పోయిన వారం మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాను. కావాలనే వెళ్లాను. జరిగింది చెప్పి, "ఒకసారి పొట్ట మీద చెయ్యి వేసి చూస్తారా మేడమ్?" అని అడిగాను. ఆవిడ మాట్లాడకుండా చూసింది. "ఒక వేలు పైన, రెండు లోపు" అంది. సారీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బయట నా తర్వాతి వంతు వచ్చిన అమ్మాయి ఒళ్లో నెలన్నర బిడ్డ. లోపలికి లేవబోతుంటే ఆపాను. "పొట్ట మీద చెయ్యి వేసి చూడమని అడుగు" అన్నాను. నావైపు అయోమయంగా చూసింది. పక్కన కూర్చుని, మొదటి నుంచి మళ్లీ చెప్పాను.