ఆఖరి సిగరెట్టు తేదీ ఇంట్లో అందరికీ తెలియాలి

మన ఇళ్ళలో సిగరెట్టు ఎప్పుడూ చాటు వ్యవహారమే. నలభై దాటిన కొడుకు కూడా నాన్న ఎదుట వెలిగించడు. మామగారు వీధి మలుపులో కనిపిస్తే చేతిలోది చెప్పు కిందికి పోతుంది. ఊళ్ళో మర్యాదగా చెలామణీ అయిన ఈ అలవాటు డాలస్‌కో న్యూజెర్సీకో వచ్చాక గరాజ్‌లో మకాం పెడుతుంది. పిల్లలు పడుకున్నాక 'ట్రాష్ బయట పెట్టొస్తా' అని వెళ్ళడం, తిరిగొచ్చి సోంపు నమలడం, చేతులు రెండుసార్లు సబ్బుతో కడగడం. పిల్లలకు తెలియదని మన నమ్మకం. కానీ కారులో సీటు బెల్టు పెట్టడానికి వంగినప్పుడు చలికోటు కాలరు సరిగ్గా పిల్ల ముక్కు దగ్గరికొస్తుంది. ఆరేళ్ళ పిల్లకు అది 'డాడీ వాసన'. పైగా ఇంటికి ఆనుకున్న గరాజ్‌లోని పొగ తలుపు సందుల్లోంచి లోపలికి రాక మానదు. గోడలకూ కారు సీట్లకూ పట్టింది నెలల తరబడి వదలదు.

చాటుగా తాగేవాడు చాటుగానే మానతాడు. ముందే చెబితే, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పరువు పోతుందని భయం. అందుకే 'ఎప్పుడు మానేశారు?' అని అడిగితే మనవాళ్ళలో చాలామంది 'అబ్బో, చాలా కాలమైంది' అంటారు. తేదీ ఉండదు. తేదీ లేకుండా మానడమంటే, మధ్యలో ఒకటీ అరా తాగడానికి సందు ఉంచుకోవడమే.

అక్టోబరు 23 నుంచి 31 దాకా అమెరికా బడుల్లో రెడ్ రిబ్బన్ వారం, మత్తుపదార్థాలకు దూరంగా ఉండమని పిల్లలకు చెప్పే వారం. పిల్ల చొక్కాకు ఎర్ర రిబ్బను పెట్టుకుని ఇంటికొచ్చి సూటిగా అడుగుతుంది: 'డాడీ, నువ్వు స్మోక్ చేస్తావా? చచ్చిపోతావా?' 'పెద్దవాళ్ళ విషయాలు నీకెందుకు' అనే జవాబు ఇక్కడ పెరిగే పిల్లల దగ్గర చెల్లదు. నాలుగు ముక్కలు చాలు: 'అవును, తాగుతున్నాను. మానడం కష్టం. ఫలానా తేదీన మానేస్తున్నాను. మొదటి రెండు మూడు వారాలు నాకు చిరాకు వస్తుంది, అది నీ మీద కోపం కాదు.' ఈ చివరి ముక్క తప్పనిసరి. నికోటిన్ ఆగాక చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదటి మూడు నాలుగు రోజుల్లో ముదురుతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. ముందే చెప్పకపోతే, తను అడగడం వల్లే డాడీకి కోపం వచ్చిందని పిల్ల అనుకుంటుంది.

ఇక్కడే మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. భార్యో అమ్మో బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టించి 'వీడి మీద ఒట్టు, ఇక ముట్టను' అనిపించడం. ఒట్లు ఎలా పడతాయో, ఎలా తీసి గట్టున పెడతారో చూస్తూ పెరిగిన మనకు అది మాటవరస. ఇక్కడ పుట్టిన పిల్లవాడు మాత్రం దాన్ని అక్షరాలా తీసుకుంటాడు: నాన్న సిగరెట్టు తాగితే నాకేదో అవుతుంది. ఏ వారాంతపు పార్టీలోనో ఆ ఒట్టు తప్పితే నాన్న చెప్పడు, వాడు పడుకోడు. ఒట్టు వద్దు. అలాగని పిల్లల్ని పోలీసుల్నీ చెయ్యొద్దు, జేబులు వెతికే పని వాళ్ళది కాదు. వంటింటి క్యాలెండరు మీద రోజూ గుండ్రం చుట్టే పెన్ను చేతికివ్వండి, చాలు.

తేదీ ఎప్పుడు పెట్టుకోవాలంటే, ఇక్కడి పంచాంగమూ అక్కడి పంచాంగమూ కలిసొచ్చే కాలం ఒకటుంది. అమెరికాలో ఏటా నవంబరు మూడో గురువారం 'గ్రేట్ అమెరికన్ స్మోకౌట్', సిగరెట్టు మానమని ప్రోత్సహించే రోజు. కార్తీకమూ, అయ్యప్ప మాలలూ ఆ చుట్టుపక్కలే. 41 రోజుల దీక్షలో ఒక్క దమ్ము కూడా కొట్టకుండా ఉండేవాళ్ళు మనలో బోలెడుమంది. మాల తీసిన సాయంత్రమే పెట్టె కొనేవాళ్ళూ వాళ్ళే. 41 రోజులంటే ఒళ్ళు నికోటిన్‌ను ఎప్పుడో మరిచిపోయింది. మళ్ళీ తాగేది 'గడువు అయిపోయింది' అన్న లెక్కతోనే. కాబట్టి మాల రోజును మానే రోజుగా పెట్టుకున్నా, 42వ రోజుకు వేరే ఏర్పాటు ఉండాలి. నవంబరు మూడో గురువారం 15కూ 21కీ మధ్య పడుతుంది. అక్కణ్ణుంచి 41వ రోజు డిసెంబరు 25కూ 31కీ మధ్య, అంటే సరిగ్గా మందు పార్టీల వారంలో. ఆ వారం డ్రైవింగు బాధ్యత మీరే తీసుకోండి. గ్లాసు చేతిలో లేనివాడికి సిగరెట్టు అంతగా గుర్తుకు రాదు.

మందుల సంగతి. మొండిగా మానడం మగతనమనే భ్రమ మనలో ఉంది, కానీ సరిగ్గా వాడితే మందులు మానే అవకాశాన్ని పెంచుతాయి. రోజుకు 10 సిగరెట్లకు మించి తాగేవాళ్ళకు 21 మి.గ్రా. నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించే పట్టీ) ఆరు వారాలు, తర్వాత 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. పదీ అంతకు తక్కువైతే 14తో మొదలుపెట్టి ఆరు వారాలు, ఆపైన 7 రెండు వారాలు. వెంట్రుకలు లేని పొడి చర్మం మీద, రోజూ చోటు మార్చి అంటించాలి. పిచ్చి కలలొస్తుంటే రాత్రి తీసేయొచ్చు. తీసేసిన ప్యాచ్‌లో ఇంకా నికోటిన్ మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, పసిపిల్లలకు అందని చోట పారేయాలి.

ప్యాచ్ రోజంతా సన్నగా నికోటిన్ అందిస్తుంది, నికోటిన్ గమ్ అప్పటికప్పుడు వచ్చే తపనకు. లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్ళకు 4 మి.గ్రా., మిగతావాళ్ళకు 2. గమ్ పనిచెయ్యలేదని చెప్పేవాళ్ళలో చాలామంది దాన్ని చూయింగ్ గమ్‌లా నమిలినవాళ్ళే. మెల్లగా నమలాలి. నోట్లో మిరియం ఘాటులాంటి చురుకు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఇరికించి వదిలెయ్యాలి. చురుకు తగ్గాక మళ్ళీ అది తగిలేదాకా నమిలి, ఈసారి రెండో బుగ్గలో. ఇలా అరగంట. గబగబా నమిలితే నికోటిన్ అంతా కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, గుండెల్లో మంట. ఇంకోటి: నికోటిన్ బుగ్గ లోపలి చర్మంలోంచి ఇంకాలంటే నోట్లో పులుపు ఉండకూడదు. అమెరికా పెట్టె మీద కాఫీ, జ్యూస్, సోడా అని రాస్తారు గానీ, మనం కలుపుకోవాల్సినవి చారు, మజ్జిగ, నిమ్మకాయ పులిహోర, ఆవకాయ. భోజనం అవగానే నోరు పుక్కిలించి, పావుగంట ఆగి గమ్ వేసుకోండి. భోజనం తర్వాతి సిగరెట్టే అన్నిటికన్నా మొండిది కాబట్టి ఆ పావుగంట కాస్త నడవాలి. నోరు ఊరుకోకపోతే లవంగమో వామో, దాల్చిన చెక్క ముక్కో. వక్కపొడి మాత్రం వద్దు. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సరు కారకమేనని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

వరెనిక్లిన్ డాక్టరు చీటీతో వచ్చే మాత్ర. మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టాలి: మూడు రోజులు 0.5 మి.గ్రా. రోజుకొకటి, తర్వాత నాలుగు రోజులు రెండు పూటలా 0.5, ఎనిమిదో రోజు నుంచి రెండు పూటలా 1 మి.గ్రా., మొత్తం 12 వారాలు. ఖాళీ కడుపున కాఫీతో వేసుకుంటే వికారం ఖాయం. ఇడ్లీ తిని, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి.

కాఫీ గురించి చాలామంది డాక్టర్లు చెప్పరు. సిగరెట్టు పొగ కాలేయంలో కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను పరుగెత్తిస్తుంది. పొగ ఆగగానే ఆ పరుగూ ఆగుతుంది. నిన్నటిదాకా ఆనిన మూడు గ్లాసుల ఫిల్టరు కాఫీ ఇవాళ దాదాపు రెట్టింపు కెఫీన్‌గా ఒంట్లో నిలుస్తుంది: గుండెదడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర లేకపోవడం. అది సిగరెట్టు లేని బాధేననుకుని మళ్ళీ వెలిగించేవాళ్ళున్నారు. ఈ పని చేసేది పొగే గానీ నికోటిన్ కాదు, కాబట్టి ప్యాచ్ వేసుకున్నా ఇంతే. మానే రోజునుంచే కాఫీ సగం చెయ్యండి.

ఖర్చు విషయానికొస్తే, ప్యాచ్‌లూ గమ్మూ కౌంటర్లో చీటీ లేకుండా దొరుకుతాయి గానీ, డాక్టరు చీటీ రాయించుకుంటే చాలా ఆరోగ్య బీమా పథకాలు ఆ ఖర్చు భరిస్తాయి. సిగరెట్టు మానడానికి సాయం చేసే 1-800-784-8669 క్విట్‌లైన్‌కు ఫోన్ చేస్తే సలహా ఉచితం, చాలా రాష్ట్రాలు కొన్ని వారాల ప్యాచ్‌లు ఇంటికి పంపుతాయి. జీవిత బీమా వేరే కథ. 'నాన్ స్మోకర్' ధర కావాలంటే మామూలుగా కనీసం 12 నెలలు నికోటిన్ లేకుండా ఉండాలి. రక్తంలో, మూత్రంలో చూసేది నికోటిన్ నుంచి ఒంట్లో తయారయ్యే కొటినిన్ అనే పదార్థం, గమ్ నమిలినా అది కనిపిస్తుంది. కాబట్టి ఇంట్లో రెండు తేదీలు రాసుకోవాలి: ఆఖరి సిగరెట్టుది, ఆఖరి గమ్ముది. తిథి ప్రకారం జరుపుకుందామనే పెద్దలుంటే సంతోషమే, కానీ ఫారాల్లో రాయాల్సింది ఇంగ్లీషు తేదీ.

ఏటా ఆ రోజును ఎలా గుర్తుపెట్టుకోవాలి? కేకు ఒక పద్ధతి. అంతకన్నా నచ్చేది, మిగిలిన డబ్బును పిల్ల పేరున ఉన్న 529 ఖాతాలో, అంటే చదువుకోసం పొదుపు చేసే ఖాతాలో వెయ్యడం. పెట్టె పది డాలర్లనుకుని రోజుకు అర పెట్టె లెక్కేస్తే ఏడాదికి 1,825 డాలర్లు. ఆ గుణకారం పిల్లతోనే చేయించండి. ఒంటి లెక్కా చెప్పొచ్చు: ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి వస్తుంది, పదేళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు తాగేవాళ్ళతో పోలిస్తే సగం, 15 ఏళ్ళకు గుండె ఎప్పుడూ తాగనివాళ్ళ దరిదాపుల్లోకి వస్తుంది.

ఏళ్ళ లెక్క అసలు పనికొచ్చేది ఇండియా ప్రయాణంలో. సందు చివర కిళ్ళీ బడ్డీ, గుంజకు వేలాడే నిప్పు తాడు, లూజు సిగరెట్టు. పెట్టె కొనక్కర్లేదు కాబట్టి 'తాగుతున్నాను' అనిపించదు. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద బావమరిది పెట్టె చాపుతాడు: 'ఒక్కటే బావా, ఏం కాదులే.' 'డాక్టరు వద్దన్నాడు' అన్నారో, 'డాక్టర్లు అలాగే అంటార్లే' అని బేరం మొదలవుతుంది. 'మానేశాను రా, ఆరేళ్ళ రెండు నెలలయింది' అంటే బేరానికి చోటుండదు. నెలలతో సహా చెప్పడంలో కిటుకుంది, లెక్క పెట్టుకున్నవాడిని ఎవరూ బలవంతపెట్టరు. పక్కన పిల్లలుంటే వాళ్ళూ నేర్చుకుంటారు. వద్దు అనడం తెలుగులో ఎలా ఉంటుందో, అవతలివాణ్ణి నొప్పించకుండా ఎలా అంటారో వాళ్ళకు ఇక్కడ వినపడే అవకాశం తక్కువ.

కొత్తగా మాని 4 మి.గ్రా. గమ్ వాడేవాళ్ళు ప్రయాణానికి దాన్ని ఇక్కణ్ణుంచే సరిపడా పట్టుకెళ్ళాలి. అక్కడి మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చేది 2 మి.గ్రా. వేప్ పరికరం మాత్రం పెట్టెలో పెట్టొద్దు. ఇండియాలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్లు దిగుమతితో సహా నిషిద్ధం. అసలు వేప్‌ను మానడానికి సాధనంగా పెట్టుకోవడం, టీనేజి పిల్లలున్న ఇంట్లో మంచి ఆలోచన కాదని నా అభిప్రాయం. సొరుగులో పడున్న ఆ పుదీనా వాసనే బడి బాత్రూముల్లోనూ ఉంటుంది. పసివాళ్ళున్న ఇంట్లో దాని ద్రవం మింగితే ప్రాణాల మీదికొస్తుంది. అలాంటిదేమైనా జరిగితే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222.

జారిపడితే? ఒకటి తాగారనుకోండి, ఆ రోజే పిల్లకు చెప్పండి. తేదీ మార్చాలా అన్నదానికి ముందే ఇంట్లో ఒప్పందం ఉండాలి. నన్నడిగితే, ఒకటో రెండో అయితే పాత తేదీ ఉంచి, క్యాలెండరులో ఆ రోజు పక్కన చిన్న గీత పెట్టడం మేలు. వారం రోజులు వరుసగా తాగితే కొత్త తేదీ. బీమా ఫారంలో మాత్రం ఆ ఒక్కటీ లెక్కే.

ఆరు నెలలకని వచ్చే తాతయ్యల సంగతి ఇంకా సున్నితం. 'నాన్నా, లోపల వద్దు, అలారం మోగుతుంది' అని అపార్టుమెంటు మీదికి నెట్టేస్తే ఆయన చిన్నబుచ్చుకోరు, కానీ మనవరాలికి అసలు కారణం తెలియదు. ఆమెకు నిజం విడిగా చెప్పాలి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే నాయనమ్మల్లో అడ్డపొగ అలవాటున్నవాళ్ళు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునేవాళ్ళు, ఉండొచ్చు. వాళ్ళ అంగిలిని ఒకసారి దంతవైద్యుడికి చూపించడం మంచిది.

చివరగా డాక్టరు అడిగే ప్యాక్ ఇయర్లు. రోజుకు ఎన్ని పెట్టెలు అన్నదాన్ని ఎన్నేళ్ళు అన్నదానితో హెచ్చిస్తారు. అమెరికా పెట్టెలో 20 ఉంటాయి, మనం ఊళ్ళో కొన్న పెట్టెలో చాలాసార్లు పదే. ఇరవై ఏళ్ళు 'రోజుకో పెట్టె' అని చెప్పినవాడు నిజానికి పది ప్యాక్ ఇయర్లవాడు. కాబట్టి పెట్టెలు కాదు, సిగరెట్ల సంఖ్య చెప్పండి. ఊపిరితిత్తుల క్యాన్సరును ముందే పట్టుకోవడానికి, 2021 నాటి అమెరికా నిపుణుల సంఘం (యూఎస్ ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్) మార్గదర్శకాల ప్రకారం 50–80 ఏళ్ళ మధ్య, కనీసం 20 ప్యాక్ ఇయర్లు తాగి, ఇంకా తాగుతున్నవాళ్ళకూ మానేసి 15 ఏళ్ళు దాటనివాళ్ళకూ ఏటా తక్కువ మోతాదు సీటీ స్కాన్ తీయాలి. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2023లో ఆ 15 ఏళ్ళ హద్దు తీసేసింది, బీమా ఏది ఒప్పుకుంటుందో ముందే కనుక్కోవాలి. ఆఖరి సిగరెట్టు ఎప్పుడన్న ప్రశ్న ఫారం మీద ఎలాగూ ఎదురవుతుంది. మానిన రోజు ఆరేళ్ళున్న పిల్లకు ఆ 15వ ఏట 21 వస్తాయి. ఆ ఫారం కంప్యూటర్లో నింపిపెట్టేది బహుశా తనే.