కార్మో సమ్మె, జోరెస్ మాస్టారు

ఫ్రెంచి సోషలిస్టు నాయకుడు జాఁ జోరెస్ పేరెత్తగానే చాలామంది ఆయన హత్య దగ్గర మొదలుపెడతారు. 1914 జూలై 31 రాత్రి, పారిస్‌లోని ఒక కెఫేలో, యుద్ధాన్ని ఆపాలని చివరిదాకా పోరాడుతున్న మనిషిని తుపాకీతో కాల్చేశారు. నిజమే, మరిచిపోకూడని ఘోరం. కానీ చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో ఏళ్ల తరబడి లేతు మీద పనిచేసి, గేటు మీటింగుల్లో గొంతు పోగొట్టుకున్న నాకు ఆయన జీవితంలో 1892వ సంవత్సరమే ముఖ్యం.

దక్షిణ ఫ్రాన్స్‌లో కార్మో అనే బొగ్గు గనుల ఊరుంది. ఆ ఏడాది అక్కడి జనం కాల్విన్యాక్ అనే కార్మికుణ్ణి మేయర్‌గా ఎన్నుకున్నారు. ఊరి పనులు చూసుకోవడానికి ఆయన సెలవు అడిగితే గని కంపెనీ ఇవ్వలేదు, పైగా ఉద్యోగంలోంచి తీసేసింది. గని యజమాని సొలాజ్ మాత్రం పార్లమెంటు సభ్యుడు! యజమాని చట్టసభలో కూర్చోవచ్చు, కార్మికుడు మేయర్ కుర్చీలో కూర్చుంటే మాత్రం తప్పు. కార్మికులు సమ్మెకు దిగారు, ప్రభుత్వం సైన్యాన్ని దించింది.

మా షాపులోనూ ఇలాంటిదే జరిగింది. యూనియన్ కార్యదర్శిగా గెలిచిన నెలలోనే మా తోటి ఫిట్టర్‌కు ఛార్జిషీటు ఇచ్చారు. ఎంక్వైరీలో ఆయన తరఫున మాట్లాడటానికి చదువుకున్నవారు ఒక్కరూ ముందుకు రాలేదు. అందుకే జోరెస్ మీద నాకింత గౌరవం.

అప్పటికి జోరెస్ తూలూజ్‌లో తత్వశాస్త్రం చెప్పే మాస్టారు. 1885లో, ఇరవై ఆరేళ్లకే, మితవాద రిపబ్లికన్‌గా పార్లమెంటుకు వెళ్లి, 1889లో ఓడిపోయాడు. జర్మన్ సోషలిజం మూలాల మీద లాటిన్‌లో సిద్ధాంత గ్రంథం రాసిందీ ఆ 1892లోనే. ఆ పండితుడు పత్రికలో కార్మో కార్మికుల పక్షాన కలం పట్టాడు. కంపెనీ ఒక్క మనిషిని కాదు, ప్రజల ఓటునే బయటికి గెంటిందని వాదించాడు. కాల్విన్యాక్‌ను కంపెనీ తిరిగి చేర్చుకోవలసి వచ్చింది. సొలాజ్ రాజీనామాతో ఖాళీ అయిన స్థానంలో 1893 జనవరిలో జోరెస్ సోషలిస్టుగా గెలిచాడు. ఓటేసేటప్పుడు రాజుగా ఉన్న కార్మికుడు కార్ఖానాలో దాసుడిగా ఎందుకు ఉండాలని ఆ ఏడే సభలో నిలదీశాడు.

తరువాతి కథ పెద్దది. దేశద్రోహం నేరం అన్యాయంగా మోపబడిన యూదు సైనికాధికారి డ్రేఫస్ కోసం రాసిన వ్యాసాలు, 1904లో పెట్టిన 'ల్యుమానితే' పత్రిక, మరుసటి ఏడు సోషలిస్టులందరినీ ఒకే పార్టీలోకి తేవడం, ఒక్కొక్కటీ విడిగా రాయదగినవే.

ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే చెప్పాలి. 1919లో కోర్టు హంతకుణ్ణి నిర్దోషిగా వదిలేసి, కోర్టు ఖర్చులు జోరెస్ భార్యను కట్టమంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు మండుతుంది. 1924లో జోరెస్ అస్థికలను పారిస్‌లో దేశ మహనీయుల సమాధులుండే పాంథియోన్‌కు తరలించినప్పుడు కార్మో గని కార్మికులు పని దుస్తుల్లోనే వెంట నడిచారు.