గిట్‌కేలో సగం బ్రాంచీలు ఎందుకు కనబడవు?

కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే గిట్‌తో వచ్చే పాత పనిముట్టు గిట్‌కే, ఆ చరిత్రను బొమ్మగా చూపిస్తుంది. ఉబుంటులో మాత్రం దీని ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. మొహం పాతదే గానీ, చరిత్ర చూడ్డానికి నేను ముందు తెరిచేది ఇదే.

ఉత్తగా తెరిస్తే ఇప్పుడున్న బ్రాంచ్ (విడిగా సాగే పని దారి) నుంచి వెనక్కి వెళ్లే కమిట్లే (గిట్‌లో భద్రపరిచిన మార్పులు) కనిపిస్తాయి. మిగతావీ కావాలంటే కమాండ్‌లో గిట్‌కే పేరు తర్వాత రెండు హైఫన్లు పెట్టి "ఆల్" అని ఇవ్వాలి. పసుపు చుక్క మీరున్న కమిట్. దాని పైన ఎర్ర చుక్క ఉంటే ఇంకా స్టేజ్ చెయ్యని (తర్వాతి కమిట్‌కు ఎంచి పెట్టని) మార్పులున్నట్టు, ఆకుపచ్చదైతే స్టేజ్ చేసి కమిట్ చెయ్యనివి.

రీబేస్ చేశాక (అంటే కమిట్లను వేరే కమిట్ మీదికి మార్చి కొత్తగా రాశాక) ఎఫ్5 కొడితే పాత కమిట్లు కూడా అలాగే వేలాడుతుంటాయి. రీబేస్ రెండుసార్లు జరిగిందేమోనని కంగారు పడొద్దు. ఎఫ్5 కొత్తవి చేరుస్తుందంతే. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే మొదటినుంచీ చదువుతుంది.

ఒక ఫంక్షన్ ఎప్పుడు మాయమైందో వెతకాలంటే, వెతుకుడు పెట్టె పక్కన "యాడింగ్/రిమూవింగ్ స్ట్రింగ్" ఎంచుకోండి. ఇది ఆ పదం ఎన్నిసార్లుందో లెక్క మారిన కమిట్లనే పడుతుంది. అదే ఫైల్లో కిందికో పైకో జరిపితే లెక్క మారదు, దొరకదు. అప్పుడు దాని కిందే ఉన్న "చేంజింగ్ లైన్స్ మ్యాచింగ్" వాడాలి.