సున్నా దగ్గర మొండికేసిన థర్మామీటరు: నా అనుభవం

మంచుగడ్డను ఆవిరి దాకా వేడి చేసి, కాలానికీ ఉష్ణోగ్రతకూ గ్రాఫు గీసే పని ఇవాళ్టికి వదిలింది. మంచు వేడెక్కే గీత, నీళ్లు వేడెక్కే గీత ఏటవాలుగా వాటంతటవే వచ్చేస్తాయి. ప్రాణం తీసేది ఆ రెండింటి మధ్య, సున్నా డిగ్రీల దగ్గర అడ్డంగా సాగే గీత.

కింద మంట మండుతూనే ఉంటుంది, థర్మామీటరు మాత్రం కదలదు. "పాడైపోయింది, మార్చు" అన్నారు ల్యాబు చూసుకునే పెద్దమనిషి, నలుగురి ముందూ. మార్చినా అదే సున్నా! 100 గ్రాముల మంచును మైనస్ 10 నుంచి సున్నాకు తేవడానికి సుమారు 2.1 కిలోజౌళ్లు చాలు. సున్నా దగ్గరే ఉంచి పూర్తిగా కరిగించాలంటే 33.4 కావాలి. థర్మామీటరు కొలిచేది కణాల సగటు గతిజ శక్తిని, అంటే కదలిక వల్ల వాటికుండే శక్తిని. కరిగేటప్పుడు అందే శక్తి కణాల వేగం పెంచదు, స్ఫటికంలో వాటిని పట్టి ఉంచిన బంధాలను సడలించడానికే పోతుంది. ఇలా ఉష్ణోగ్రత పెంచకుండా స్థితి మార్చడానికే పోయే వేడిని గుప్తోష్ణం అంటారు, ఆ నిర్వచనం అప్పజెప్పే వాళ్లకు కూడా ఈ ముక్క తట్టదు.

ఈ గీత చదునుగా రావాలంటే మంచును బాగా దంచాలి, మంట చిన్నగా పెట్టాలి, థర్మామీటరు బల్బు బీకరు అడుగుకు తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆపకుండా కలపాలి. సున్నా నుంచి 4 డిగ్రీల దాకా నీరు వేడెక్కేకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది కాబట్టి అడుగున వేడెక్కింది పైకి లేవదు. కలపకపోతే పైన మంచు తేలుతుండగానే కింద థర్మామీటరు 3, 4 చూపిస్తుంది, గ్రాఫు పాడవుతుంది.

పాఠ్యపుస్తకాల్లో ద్రవం బొమ్మ గీసేవాళ్ల మీద నాకు కోపం. ఘనంలో ఆనుకుని, ద్రవంలో కాస్త ఎడంగా, వాయువులో దూరంగా అని మెట్లు కట్టినట్టు గీస్తారు. ద్రవంలోనూ కణాలు దాదాపు ఆనుకునే ఉంటాయి, స్థానాలు మారుతుంటాయి, అంతే. నీటిలోనైతే మంచులో కన్నా దగ్గరగా ఉంటాయి, మంచు తేలేది అందుకే. అసలు ఎడం వాయువులోనే: 100 డిగ్రీల దగ్గర ఆవిరైన నీరు సుమారు 1,600 రెట్లు చోటు ఆక్రమిస్తుంది.

మరిగే దశలో కూడా అడ్డగీతే. 100 గ్రాములు మొత్తం ఆవిరి కావడానికి 226 కిలోజౌళ్లు పడుతుంది, అంటే అదే మంట మీద కరగడానికి పట్టినదానికి దాదాపు ఏడింతల సమయం. అంతసేపు కూర్చోనక్కర్లేదు, వరసగా అయిదారు రీడింగులు ఒకేలా వస్తే మంట ఆపేయండి. థర్మామీటరు 98.5 దగ్గర నిలిచిందని దిద్ది 100 రాయకండి. గాలి పీడనం తక్కువున్న చోట నీళ్లు 100కు ముందే మరుగుతాయి.