వంటింటి వారం

దేవుణ్ణి తోడు రమ్మని, ఆలస్యం చేయవద్దని వేడుకునే బైబిలులోని 70వ కీర్తన తొలి చరణంతోనే మఠకన్యల ప్రాతఃకాల ప్రార్థనా సాయంకాల ప్రార్థనా ఆరంభమవుతాయి. ఆ చరణానికి ప్రార్థనాలయం వెలుపల మరొక చోటు కూడా ఉందని, అది వంటిల్లని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

6వ శతాబ్దంలో ఇటలీలో పునీత బెనడిక్టు రాసిన నియమావళిలో 73 అధ్యాయాలున్నాయి. ఆయన దానిని పురుషుల మఠం కోసమే రాసినప్పటికీ, బెనడిక్టు సభకు చెందిన మఠకన్యలు కూడా తరతరాలుగా దానినే పాటిస్తున్నారు. అందులో 35వ అధ్యాయమంతా వారానికొకసారి మారే వంటింటి వంతుల గురించే. జబ్బుపడినవారికి, మఠానికి ముఖ్యమైన పనిలో ఉన్నవారికి తప్ప ఎవరికీ ఆ వంతు నుంచి మినహాయింపు లేదు. ఒంట్లో సత్తువ లేనివారికి మాత్రం సాయంగా మనుషులను ఇవ్వాలి. వారం ముగించేవారు శనివారం నాడు అంతా శుభ్రం చేసి, అందరూ చేతులూ కాళ్లూ తుడుచుకునే గుడ్డలను ఉతకాలి. ఆ తర్వాత దిగిపోయేవారూ కొత్తగా వంతుకు ఎక్కేవారూ కలిసి అందరి పాదాలూ కడగాలి. కడరా భోజనం నాడు ఏసు ప్రభువు శిష్యుల పాదాలు కడిగి చేసిన ఈ పనిని మనం పవిత్ర గురువారం నాడు, ఏడాదికొకసారి గుడిలో చూస్తాం; వారికది వారం వారం జరిగే పని.

ఆదివారం ఉదయ ప్రార్థన ముగియగానే దిగిపోయేవారు తమకు తోడ్పడిన దేవునికి మూడుసార్లు స్తుతి చెబుతారు, కొత్తగా వంతుకు ఎక్కేవారు పైన చెప్పిన 70వ కీర్తన చరణాన్నే మూడుసార్లు పలుకుతారు. ఆరాధన ఏ మాటతో మొదలవుతుందో పొయ్యి దగ్గరి పనీ అదే మాటతో మొదలవుతుందన్నమాట. నా మట్టుకు నాకు ఆ 73 అధ్యాయాల్లో ఇంతకు మించిన వేదాంతం కనిపించలేదు.

1952లో ఏర్పడిన మన వరంగల్ మేత్రాసనంలో, అంటే ఇక్కడి బిషప్ పరిధిలో, మనకు ఎక్కువగా కనిపించే సిస్టర్లు బడుల్లో పాఠాలు చెప్పేవారు, ఆసుపత్రుల్లో రోగులను చూసుకునేవారు. వారు మఠం గోడల మధ్యనే జీవితమంతా గడిపే బెనడిక్టు మఠకన్యలు కారు, వారి సభలూ నియమాలూ వేరు. అయినా కాజీపేట దగ్గర ఒక కాన్వెంటుకు బియ్యం ఇవ్వడానికి వెళ్లినప్పుడు వంటింటి గోడమీద వంతుల పట్టిక చూశాను. బడికి ప్రధానోపాధ్యాయురాలైన సిస్టర్ పేరు కూడా అందులో ఉంది. ఆ పూట ఆమె పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. నన్ను చూసి లేవలేదు, కత్తిపీట మీది నుంచి చూపు తిప్పకుండానే యోగక్షేమాలు అడిగారు.

వంటపాత్రలను అప్పగించేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. వంతు ముగించేవారు గంజులూ గరిటెలూ శుభ్రంగా, చెక్కుచెదరకుండా సరుకుల బాధ్యత చూసేవారికి అప్పగించాలని, వాటిని లెక్క చూసుకుని మళ్లీ కొత్తవారికి ఇవ్వాలని బెనడిక్టు అంటాడు. 31వ అధ్యాయంలో ఇంకొక అడుగు ముందుకు వేసి, మఠంలోని ప్రతి పాత్రనూ బలిపీఠం మీది పవిత్ర పాత్రలాగే చూడమంటాడు. దసరా నాడు పారా గొడ్డలీ కడిగి బొట్టు పెట్టే ఊళ్లలో పుట్టి పెరిగిన మనకు ఆ మాట కొత్తగా తోచదు. కాకపోతే అక్కడ గరిటెకు ఆ గౌరవం పండుగ నాటిది కాదు, రోజువారీది.

ఆ 35వ అధ్యాయంలోనే, చదివేవారు సులువుగా దాటిపోయే ఒక చిన్న ఏర్పాటు ఉంది. భోజనానికి గంట ముందు వంతువారికి వారి వాటా కాకుండా అదనంగా కొంత రొట్టె, తాగడానికి కొంత పానీయం ఇవ్వాలి. అప్పుడే వారు సణుక్కోకుండా, అలసిపోకుండా తోటివారికి వడ్డించగలుగుతారట. నియమం రాసిన మనిషికి ఆకలి సంగతి బాగా తెలుసు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పొయ్యి ముట్టించే ముందు మా అమ్మ సిలువ గుర్తు వేసుకోవడం నాకు గుర్తుంది. అందరికీ వడ్డించడం పూర్తికాకముందు ఆమె ఒక్క ముద్ద నోట పెట్టుకోవడం మాత్రం ఏనాడూ చూసిన గుర్తు లేదు.